ముఖం తూర్పుకు, నడక పడమటికి

గాలి లేనప్పుడు డ్రోన్ రెక్కల చప్పుడు తుమ్మెద మోతలా ఉంటుంది. గాలి ముదిరిందంటే ఆ మోత సన్నబడి, పైకి లేచి, ఏడవబోయే పసిపిల్ల గొంతులా మారుతుంది. మొన్న శ్రావణంలో ఎమ్మిగనూరు బయట కొత్తగా వేసిన ప్లాట్లకు వీడియో తీస్తుంటే ఆ గొంతు వినబడింది. తెర మీద బొమ్మ మాత్రం చక్కగా నిలబడి ఉంది. తెల్ల రంగు వేసిన హద్దురాళ్ళు, ఇంకా తడి ఆరని సిమెంటు కమాను, దూరంగా ఎర్రటి బీడు. ఏదీ కదలడం లేదు. గాలి ఎక్కువగా ఉందని రిమోట్ హెచ్చరించేలోపే నేను డ్రోన్‌ను కిందికి దించేశాను. ప్లాట్ల యజమాని మొహం మాడ్చుకున్నాడు. బొమ్మ బాగానే వస్తోంది కదమ్మా, ఎందుకు దించావని అడిగాడు. రేపు పొద్దున్నే వస్తానని చెప్పి, ఇటుకల వరుస నీడలో స్కూటర్ మీద కూలబడ్డాను. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. నలభై దాటాక ఎండలో నిలబడే పని ఒంట్లోని సారమంతా పీల్చేస్తుంది. ఇట్లా ఒళ్ళు అలిసిపోయి, ఎవరితోనూ మాట్లాడాలని లేనప్పుడే నాకు ఈరన్న గుర్తొస్తాడు. చెవితో గాలిని వినడం నేర్పింది ఆయనే.

మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందులో, విత్తనాల అంగడి పైన ఆయన స్టూడియో ఉండేది. మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే, పెళ్ళి ఆల్బం కోసం వచ్చిన పెద్దవాళ్ళు సగంలో ఆగి ఊపిరి తీసుకునేవాళ్ళు. ఈరన్నది హొళగుంద దాటాక ఒక పల్లె. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, స్నేహితులతో ఉర్దూ. కోపం వస్తే మూడూ ఒకే మాటలో కలిసిపోయేవి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవాడు. ముప్పై ఏళ్ళపాటు హాలహర్వి నుంచి ఆస్పరి దాకా పడమటి పల్లెల పెళ్ళిళ్ళన్నీ ఆయన కెమెరా ముందే జరిగాయి. ముహూర్తం అడగడానికి అయ్యవారి దగ్గరికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఈరన్న మెట్లు ఎక్కి, ఆ రోజు నీకు ఖాళీయేనా అని అడిగి పోయేవాళ్ళు. అయ్యవారు ఆలస్యమైనా జనం కాచుకుంటారు గానీ ఈరన్న ఆలస్యమైతే పెళ్ళికొడుకు పీటల మీదికే రాడని వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన అది విని లోపల పొంగిపోయేవాడు, పైకి మాత్రం చిరాకు పడేవాడు.

డిగ్రీ మధ్యలో ఆపేసి, ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన దగ్గర మిక్సింగ్ పనికి చేరాను. ఫొటోలు ఏరడం, ఆల్బం పేజీలు కట్టడం, వీడియో కత్తిరించి పాటలు అతికించడం నా పని. మా అమ్మ దూది మిల్లులో పనిచేసేది. ఇంటికి వచ్చేసరికి ఆమె తల మీద దూదిపొట్టు, నా కళ్ళలో కంప్యూటర్ వెలుతురు. మొదటిరోజు ఈరన్న నాకు ఒక పెళ్ళి ఫొటోలన్నీ ఇచ్చి ముప్పై ఏరమన్నాడు. నేను వెలుతురు బాగున్నవి, పెళ్ళికూతురు నవ్వినవి ఏరి పెట్టాను. ఆయన ఒక్కొక్కటే చూసి సగం పక్కన పడేశాడు. ఒకదాంట్లో పెళ్ళికొడుకు మేనత్త రవిక చిరుగు కనిపిస్తోంది. ఇంకోదాంట్లో పెళ్ళికూతురి తండ్రి అరువు తెచ్చుకున్న కోటు భుజాల మీంచి జారిపోతోంది. "బాగుండేటివి కాదు పాపా, ఎవురూ బాధపడనివి ఏరు" అన్నాడు. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. అంత గట్టిగా పెట్టుకోకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన నన్ను మెచ్చుకున్నది తక్కువ, తిట్టింది ఎక్కువ. అయినా మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న పదిరోజులూ పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. బజ్జీలు తనే తినేసి, ఉగ్గాణి మాకు పెట్టి పోయేవాడు. ఆస్పత్రిలో ఉన్న మనిషికి కారం పెట్టకూడదన్నది ఆయన వాదన. మా అమ్మ నవ్వింది ఆ పదిరోజుల్లో అప్పుడే. తండ్రి లేని ఇల్లు మాది. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉండేదో అప్పట్లో నాకే తెలియదు.

ఆయన చేతి వణుకు అందరికంటే ముందు నేనే చూశాను. కళ్ళెదుట కాదు, వీడియోలో. ఒక పెళ్ళిలో అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లి మొహం మీద బొమ్మ సన్నగా అదురుతోంది. కెమెరాలో ఏదో లోపమనుకున్నాను. తరవాతి పెళ్ళిలోనూ అదే. కెమెరా మార్చి తీసినదాంట్లోనూ అదే. ఆ వారంలో ఒకరోజు టీ వస్తే ఆయన గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం కంటబడింది. చలికాలం కాదు, మే నెల. నేను తల తిప్పుకుని తెరలోకి చూశాను. అదిరిన ముక్కలన్నీ కత్తిరించేశాను. కత్తిరిస్తే కథ తెగిపోయే చోట పూలరేకులు రాలే బొమ్మ అడ్డం పెట్టాను, అదీ కుదరనిచోట వేగం తగ్గించాను. పూర్తయిన వీడియో చూసి ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "సూసినావా పాపా, ఈరన్న సేయి ఇంకా గట్టిదే" అన్నాడు. నేను అవునన్నా అన్నాను.

అట్లా మూడేళ్ళు గడిచాయి. నెలనెలా నేను కత్తిరించే ముక్కలు పెరుగుతూ వచ్చాయి. రెండు గంటల పెళ్ళిలో అరగంట పూలరేకులే రాలుతున్నాయని ఒకరిద్దరు వేళాకోళం కూడా చేశారు. చెబుదామని చాలాసార్లు మెట్లు దిగేటప్పుడు ఆగాను. ఆయన పని మానేస్తే ఆ మనిషిలో ఇంకేం మిగలదని భయం. పిల్లలు లేరు, పొలం లేదు. ఇంట్లో భార్య శారదమ్మ, ఇక్కడ కెమెరా, అంతే. కత్తిరించిన ముక్కలను చెరిపేయడానికి మాత్రం నాకు చేతులు రాలేదు. అవి కూడా ఆయన తీసినవే కదా అనిపించేది. అన్నీ ఒకచోట దాచిపెట్టేదాన్ని.

ఆ మూడేళ్ళ మధ్యలో డ్రోన్ కొన్నప్పుడు ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. ఈ వయసులో గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకుంటావా అని తోటి ఫొటోగ్రాఫర్లు నవ్వారు. ఆయన మాత్రం దీపావళికి టపాసులు తెచ్చుకున్న పిల్లవాడిలా ఉన్నాడు. పెట్టె విప్పి, రెక్కలు మడిచి విప్పి, విప్పి మడిచి, ఆ రోజంతా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాని కెమెరా గింబల్‌కు వేలాడుతుంది కాబట్టి డ్రోన్ ఊగినా బొమ్మ ఊగదు. రిమోట్ మీద బొటనవేలితో తోసి డ్రోన్‌ను నడిపే పుల్లలు, మూడు మోడ్ల బటన్ ఉంటాయి. సినీ మోడ్‌లో పెడితే మనం పుల్లను గబుక్కున తోసినా అది మెల్లగా, మెత్తగా కదులుతుంది. స్పోర్ట్ మోడ్‌లో వేగం ఎక్కువ, చెయ్యి ఎంత కదిలితే డ్రోన్ అంత కదులుతుంది. మధ్యలో ఉన్నది నార్మల్. ఈరన్న బటన్‌ను సినీలో పెట్టి ఇంక కదిలించలేదు. పెళ్ళికి అట్లా మెల్లగా పోతేనే అందమని చెప్పేవాడు. అది నిజమే. వణికే వేలిని ఆ మోడ్ కప్పేస్తుందన్నది కూడా నిజమే. ఆ రెండో నిజం ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.

నాకు నేర్పాలని ఆయనకే తోచింది. రోజంతా నా తప్పులు చూసేదానివి నువ్వు, నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుందని అన్నాడు. ఆ మాటకు నేను చటుక్కున ఆయన మొహంలోకి చూశాను గానీ ఆయన మామూలుగానే అన్నాడు. ఆదోని కొండల కింద పత్తి ఏరేసిన చేనులోకి తీసుకుపోయేవాడు. ఎగరేసే ముందు చొక్కా జేబులోంచి చిటికెడు దూది తీసి గాల్లోకి వదిలేవాడు. పత్తి మార్కెట్ నేల మీద దానికి కొదవ లేదు. దూది ఎటు పోతే గాలి అటు. అయితే అది నేల మీది గాలి మాత్రమే, పైన సంగతి వేరే అని హెచ్చరించేవాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మ జొన్నలు తూర్పారబట్టేదట. గాలి కోసం చేటతో మధ్యాహ్నం దాకా నిలబడి ఉండేదట. ఆమె గాలి రావాలని కాచుకుంది, మనం గాలి పోవాలని కాచుకుంటున్నాం, మా వంశానికి ఇదే పని అని నవ్వేవాడు.

మొదటిసారి గాలి కొట్టినప్పుడు నేను చేయని తప్పు లేదు. డ్రోన్ కాస్త ఎడమకు జరగ్గానే నేను కుడికి తోశాను. అది తనంతట తానే కుడికి వస్తోంది, దానికి నా తోపు కలిసి ఇంకా అవతలికి పోయింది. మళ్ళీ ఎడమకు తోశాను. కల్లు తాగిన మనిషిలా ఊగడం మొదలుపెట్టింది. ఈరన్న నా వెనక నిలబడి, "సేతులు తీసెయ్ పాపా. దాని పాటికి దాన్ని ఇడ్సిపెట్టు" అన్నాడు. తీశాను. అది ఒక్క క్షణం తడబడి, ఉన్నచోటే మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. ఉపగ్రహాల లెక్క చూసుకుని తన చోటు తానే పట్టుకునే తెలివి దానికి ఉంది. మనం అడ్డం పడకుండా ఉంటే చాలు. నేను మురిసిపోయి, గాలిలో కూడా ఎంత హాయిగా ఉందో చూడన్నా అన్నాను.

అప్పుడాయన నన్ను కసురుకున్నాడు. తెర మూలలో ఒక చిన్న గుండ్రం చూపించాడు. డ్రోన్ ఎంత వంగి ఉందో ఆ గుండ్రం చెబుతుంది. బొమ్మ నిలకడగానే ఉంది గానీ డ్రోన్ మాత్రం గాలికి ఎదురుగా తలవంచి, నాలుగు రెక్కలూ ప్రాణం పెట్టి తిప్పుతూ అక్కడ నిలబడి ఉంది. బ్యాటరీ కళ్ళెదుటే కరిగిపోతోంది. "నిల్సుకోనుండాది కదా అని మోసపోవద్దు. ఎంత వంగిందో సూడు. ఇంగ వంగలేనప్పుడు గాలి ఎట్ల తోస్తే అట్ల పోతాది" అన్నాడు. కళ్ళు మూసుకుని రెక్కల చప్పుడు వినమన్నది కూడా ఆరోజే. సగం బ్యాటరీ వెనక్కి రావడానికి అట్టిపెట్టుకోవాలని, ఎదురుగాలిలో ఇరుక్కుంటే కిందికి దిగి రావాలే తప్ప పైకి పోకూడదని, పైన గాలి ఇంకా ఎక్కువని, ఆ చేనులోనే నాలుగైదు సాయంత్రాలు చెప్పాడు.

మా పడమటి పల్లెల్లో డ్రోన్లు పోగొట్టుకునే పద్ధతి ఒకటుంది. ఇంకెక్కడా ఉండదనుకుంటా. వానాకాలమంతా మాకు గాలి పడమటి నుంచి వస్తుంది. అందుకని ముందు పడమటికి, గాలికి ఎదురుపోయి, అలిసిపోయాక గాలి వాలున ఇంటికి రావాలి. కానీ శుభకార్యంలో ఏ వస్తువైనా మొదట తూర్పుకు కదలాలని పెద్దల పట్టుదల. కొత్త బండిని తూర్పుకు నడుపుతారు, కొత్త కాడిని తూర్పుకు కడతారు, డ్రోన్ మాత్రం ఎట్లా తప్పించుకుంటుంది? పెళ్ళి పందిట్లోంచి లేచిన డ్రోన్ తూర్పుకు పోవలసిందే. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి సుఖంగా పోతుంది. తిరిగి రావడం దానివల్ల కాదు. శ్రావణం పెళ్ళిళ్ళయ్యాక తూర్పు చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళకు విరిగిన డ్రోన్లు దొరికేవి. ఈరన్న దీనికొక ఉపాయం కనిపెట్టాడు. డ్రోన్ ముక్కును తూర్పుకు తిప్పి లేపేవాడు. కెమెరా సూర్యుణ్ణి చూస్తూ ఉంటుంది. పెద్దలు చేతులు జోడిస్తారు. అప్పుడు పుల్లను తన వైపు లాగి, డ్రోన్‌ను వెనక్కి వెనక్కి, పడమటికి నడిపించేవాడు. పందిరి, ఊరు, గుడి మెల్లగా చిన్నవవుతూ పోయే ఆ బొమ్మ ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. మొగం తూర్పుకుంటే సాలు, నడక యాటికైతే ఏమి అనేవాడు.

హొళగుంద అవతల బసప్ప అనే పెద్దరైతు మనవరాలి పెళ్ళి నేను డ్రోన్ నేర్చుకున్న ఏటి శ్రావణంలోనే. ఆ పిల్ల తల్లి పెళ్ళి తీసింది కూడా ఈరన్నే. ఆయన తప్ప ఇంకెవరూ రిమోట్ ముట్టుకోకూడదని బసప్ప ముందే చెప్పి పంపాడు. ఆ పొద్దున ఈరన్న జేబులోంచి వదిలిన దూది చేతిలోంచి లాక్కున్నట్టు పోయింది. ఈ గాలిలో వద్దన్నా అన్నాను. ఆయన పందిరి వైపు చూశాడు. అక్కడ ఊరంతా పైకి చూడడానికి సిద్ధంగా ఉంది. డ్రోన్ లేపాడు. ముక్కు తూర్పుకు తిప్పి వెనక్కి లాగబోయాడు. వెనక్కి నడపడానికి పుల్లను నిటారుగా, ఒకే పట్టుతో లాగి ఉంచాలి. ఆయన బొటనవేలు నిలవడం లేదు. ఎంత మెత్తటి మోడ్‌లో ఉన్నా డ్రోన్ వంకరపోయి కరెంటు తీగల వైపు జరిగింది. మళ్ళీ తెచ్చి మళ్ళీ లాగాడు. మళ్ళీ తీగల వైపే. ఎవరో నవ్వారు. అట్ల వంకరగా యాలప్పా, నేరుగా తూర్పుకు పోనీ అన్నాడు బసప్ప. ఈరన్న పుల్లను ముందుకు తోశాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. గాలి వెనక నుంచి తోస్తుంటే డ్రోన్ ఊరు దాటింది, చింతలు దాటింది, కందిచేల మీదికి పోయింది. తిప్పాడు. సినీ మోడ్‌లో దానికి ఎదురుగాలిని చీల్చే వేగం లేదు. తెర మూల గుండ్రం పూర్తిగా వంగిపోయి ఉంది. బొమ్మ మాత్రం చక్కగా ఉంది. కందిచేను, గట్టు మీద ఒక వేపచెట్టు. నాకు తెలుసు. ఏం చేయాలో ఆయనే నేర్పాడు. స్పోర్ట్‌కు మార్చాలి, కిందికి దించాలి. కానీ స్పోర్ట్‌లో పెడితే ఆయన వేలి వణుకంతా డ్రోన్‌కు ఎక్కుతుంది. నేను అడిగి తీసుకుంటే ఊరందరి ముందు, ముప్పై ఏళ్ళు తెలిసినవాళ్ళ ముందు ఆయన చెయ్యి పోయిందని చాటినట్టు. ఎవరూ బాధపడనివి ఏరమన్న మనిషిని నేను ఎట్లా బాధపెట్టను? నోరు మూసుకుని నిలబడ్డాను. అరవై ఉన్న బ్యాటరీ నలభైకి వచ్చింది. ఆయన ఇంటికి రమ్మనే బటన్ నొక్కాడు. ఎవరికీ తోచనప్పుడు నొక్కే బటన్ అది. డ్రోన్ బుద్ధిగా ముందు పైకి లేచింది. అక్కడ గాలి ఇంకా ఎక్కువ. ముప్పై. దూరం అంకె తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టింది.

"అన్నా, ఇటియ్యి" అన్నాను. ఆయన ఇవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా. ఇంకోసారి అడిగి, ఆయన చేతుల మీద నా చేతులు వేశాను. కోడిపిల్లను పట్టుకున్నట్టు అనిపించింది. ఆ వణుకును నేను మూడేళ్ళుగా తెర మీద చూస్తూ ఉన్నాను, ఎప్పుడూ ముట్టుకోలేదు. అప్పుడు ఆయన వేళ్ళు వదిలాయి. ఇంటికి రమ్మన్న ఆజ్ఞ తీసేసి, స్పోర్ట్‌కు మార్చి, డ్రోన్‌ను నిలువునా కిందికి దించాను. కందిమొక్కల తలలకు కాస్త పైనుంచి, గట్ల చాటున, ముందుకు తోసుకుంటూ తెచ్చాను. పందిరి దాకా రాలేదు. బ్యాటరీ ఎనిమిదికి వచ్చేసరికి, సగం దూరంలో చేనులో దించేశాను. మొక్కల మధ్య అది ఒక్క రెక్క కూడా విరక్కుండా కూర్చుంది. నేను ఎత్తుకుని తిరిగి వచ్చేసరికి బసప్ప ఈరన్న భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. "ఏం ఈరన్నా, సేయి పట్టు తప్పినట్టుండాదే" అంటున్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. గాలి జాస్తి ఉండాదిలేప్పా అని ఈరన్న నవ్వాడు. బసప్ప మాట నెల తిరక్కుండా పడమటి పల్లెలన్నీ తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన స్టూడియోకి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈ చేతులతో తీసినవి అంత బాగా ఎట్లా వచ్చాయని రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. నేను కత్తిరించినవి ఎక్కడున్నాయని అడిగాడు. ఏమీ తెలియనట్టు చూశాను. పారేసి ఉండవులే, నువ్వు పారేయవు అన్నాడు. తీసి పెట్టాను. మూడేళ్ళ వణుకు. తాళి కట్టే చేతులు అదిరాయి, అక్షింతలు అదిరాయి, ఏడ్చే తల్లుల మొహాలు అదిరాయి. ఆయన ఒక్కటి కూడా జరపకుండా పొద్దు వాలేదాకా చూశాడు. కింద విత్తనాల అంగడి తలుపులు వేస్తున్న చప్పుడైంది. అప్పుడన్నాడు.

"నా సేతులు బాగుండాయనే మూడేండ్లు సూపిస్తివి కదా పాపా. నేను నమ్మితిని."

నాకు ఏడుపొచ్చింది. నువ్వు బాధపడతావనే, అన్నా, అన్నాను.

"బాధపడుదును. రెండు దినాలు నీతో మాట్లాడకుండా ఉందునేమో. అంతే కదా. సెప్పాల్సింది."

ఆయన నన్ను ఓదార్చలేదు. లేచి, గోడ పట్టుకుని, మెట్లు దిగి పోయాడు. ఆ నిటారు మెట్లు ఆయన దిగే చప్పుడును చివరిదాకా వింటూ కూర్చున్నాను. నేను ఆయన మీద ప్రేమ చూపించాననుకున్నాను. నిజానికి నేను చేసింది ఆ సినీ మోడ్ చేసే పనే. ఆయన వణుకును ఆయనకే కనబడకుండా కప్పి, తిరిగి రాలేనంత దూరం పోనిచ్చాను. మూడేళ్ళ ముందే చెప్పి ఉంటే డాక్టరుకు చూపించుకునేవాడు, ఒక పద్ధతిగా పని తగ్గించుకునేవాడు, ఊరి ముందు కాకుండా తన ఇష్టప్రకారం కెమెరా దించేవాడు. గోడకు వేసిన సున్నం తిరిగి రాదు.

రెండు దినాలు కాదు, పదిరోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు వచ్చి డ్రోన్ పెట్టె నా బల్ల మీద పెట్టి, ఇంగ నువ్వే పో పెళ్ళిళ్ళకు అన్నాడు. పోయాను. ఆడపిల్ల రిమోట్ పట్టుకుందని వింతగా చూసినవాళ్ళ దగ్గర, ఈరన్న పంపించాడని చెబితే చాలు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. తరవాత మా అమ్మ పోయింది, నేను ఎమ్మిగనూరుకు మారి, మగ్గాల చప్పుడు వినబడే వీధిలో ఒక గది తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టాను. ఈరన్న స్టూడియో మూసేశాడు. అప్పుడప్పుడూ బస్సెక్కి వచ్చి, నా వెనక కూర్చుని, నేను చేసే మిక్సింగ్‌ను చూసి సణుగుతూ ఉండేవాడు. పూలరేకులు ఎక్కువైనాయి అనేవాడు.

అట్లా వచ్చిన ఒకరోజు, ఊరి బయట గొర్రెలు మేసే బీడులో నేను ఎగరేస్తుంటే, ఒకసారి ఇయ్యి అన్నాడు. ఇచ్చాను. గాలి పెద్దగా లేదు, అట్లాగని లేకపోనూ లేదు. నేను ముందే సినీలో పెట్టి ఉంచాను. ఆయన ఆ బటన్ చూసి, తనే నార్మల్‌కు జరిపాడు. బొమ్మ అటూ ఇటూ ఊగింది. గొర్రెల మంద తెరలోంచి జారిపోయి మళ్ళీ వచ్చింది. నా చేతులు ముందుకు పోతుంటే వెనక కట్టుకుని నిలబడ్డాను. ఎట్లుంది అని అడిగాడు. జాస్తిగానే ఊగుతాందన్నా అన్నాను. అన్నేళ్ళలో ఆయన చేతి గురించి నేను ఆయనకు చెప్పిన నిజం అదొక్కటే. ఆయన ఊ కొట్టి, ఇంకాసేపు, నలభై సెకన్లు ఉంటుందేమో, ఊగిస్తూనే తిప్పి, దించాడు. మొహంలో బాధేమీ కనిపించలేదు. ఉగ్గాణి తిందాం పద అన్నాడు.

ఆరోజు నుంచి నేను మొహం మీదే చెప్పేదాన్నయ్యాను. బొమ్మ బాగుంది గానీ గాలి బాగాలేదని చెబుతాను. ఆల్బంలో మీ నాన్న మొహం అలిసిపోయి ఉంది, ఆయనకు ఒంట్లో ఎట్లా ఉందని అడుగుతాను. దీనివల్ల కొన్ని పెళ్ళిళ్ళు పోయాయి, ఒకరిద్దరు స్నేహితులు పోయారు. నిజం చెప్పడం ఎంత అలుపో ఎవరూ ముందుగా చెప్పరు. అబద్ధం చెప్పి ఊరుకుంటే ఎంత సుఖంగా ఉండేదో అని చాలా సాయంత్రాలు అనుకుంటాను. అయినా ఆ మెట్ల మీద ఆయన దిగిపోయిన చప్పుడు ఇంకోసారి వినే శక్తి నాకు లేదు.

ఈరన్న పోయి మూడేళ్ళు. కర్మల్లో పదకొండో రోజున ఆయన తీసిన వీడియోలు ఏవైనా వేయమని ఇంట్లోవాళ్ళు అడిగారు. ముప్పై ఏళ్ళ పెళ్ళిళ్ళు నా దగ్గర ఉన్నాయి, అన్నీ చక్కగా కత్తిరించినవి. నేను ఆ బీడులో ఆయన తీసిన నలభై సెకన్లు పట్టుకుపోయాను. గోడకు కట్టిన తెల్లపంచె మీద ఎర్రమన్ను, గొర్రెలు, ఆకాశం ఊగడం మొదలైంది. వెనక నుంచి బంధువు ఒకాయన ఇదేందమ్మా ఇట్ల ఊగుతాంది, మంచిది ఏదన్నా ఎయ్యి అన్నాడు. నా వేలు ఆపే బటన్ మీదికి పోయింది. శారదమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె కళ్ళు పంచె మీదే ఉన్నాయి.

"ఉండనీ పాపా" అన్నది. "అది ఆయన సెయ్యి."